కిటికీ రబ్బరు మూలల్లో కుంచించుకుపోయింది, సిలికాన్ కొట్టించాలా, రబ్బరే మార్చాలా?

పడమటి_కిటికీ:

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టి ఏడేళ్లయింది, అన్నీ అల్యూమినియం కిటికీలే, రెక్కలు తెరిచేవి ఆరు, జరిపేవి రెండు. గత రెండు వానాకాలాల నుంచి పడమటి వైపున్న రెండు కిటికీల్లో వాన కొడితే లోపలి గట్టు మీద నీళ్లు నిలుస్తున్నాయి. మొన్న గాలివానకైతే గోడ వెంట కారి స్విచ్‌బోర్డు దాకా వచ్చాయి, అప్పటి నుంచి మబ్బు పడితే చాలు టెన్షన్. గాలి గట్టిగా వీస్తే అదే కిటికీ ఈల కూడా వేస్తుంది.

దగ్గరకెళ్లి చూస్తే అద్దం చుట్టూ ఉన్న బూడిదరంగు రబ్బరు నాలుగు మూలల్లోనూ వెనక్కి జరిగిపోయింది, చిటికెనవేలు దూరేంత సందు. గోటితో నొక్కితే దిగడం లేదు, కొంచెం వంచితే పుటుక్కున విరిగింది. రెక్కకీ ఫ్రేమ్‌కీ మధ్య ఇంకో నల్ల రబ్బరు ఉంది, అది ఇంకా మెత్తగానే ఉంది కానీ కొన్నిచోట్ల బాగా అణిగిపోయి ఇక పైకి లేవడం లేదు.

పని చేసే ఆయన్ని పిలిస్తే "రబ్బరు సంగతి వదిలేయండి, చుట్టూ సిలికాన్ కొట్టేస్తా, రెండు గంటల పని" అన్నారు. రబ్బరు అమ్మేచోట ఒకరు ఈపీడీఎం తప్ప ఏదీ పనికిరాదంటారు, ఇంకొకరు టీపీఈ కూడా అంతే, చూడటానికి తేడా తెలియదంటారు. నిజంగానే నాకు రెండూ నల్లగా ఒకేలా కనిపించాయి. సిలికాన్‌తో పని అవుతుందా? రబ్బరే మార్చాలంటే ఏది అడగాలి, ఇచ్చింది అదేనని ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అద్దాలపని:

సిలికాన్ గన్ వచ్చేలోపు ఒక మగ్గు నీళ్లు తీసుకుని కిటికీ దగ్గరికెళ్లండి. రెక్క తెరిచి కింది ఫ్రేమ్ గాడిలో మెల్లగా పోయండి. కాసేపట్లో బయటికి పోతే సరే, గాడిలోనే నిలిచిపోతే మీ మొదటి జబ్బు రబ్బరు కాదు. కింది ఫ్రేమ్‌కి బయటివైపు చిన్న చిన్న కోతలు ఉంటాయి, వీప్ హోల్స్ అంటాం. దుమ్ముతోనో, పెయింటుతోనో, గోడ సందుకి కొట్టిన సిలికాన్‌తోనో అవి పూడిపోతాయి. నేను చూసిన కారే కిటికీల్లో సగానికి అక్కడే రోగం.

అసలు బయటి రబ్బరు వానని మొత్తం ఆపేస్తుందన్న లెక్కతో ఎవరూ కిటికీ తయారు చేయరు. అది చాలావరకు ఆపుతుంది, దాన్ని దాటి వచ్చిన కాసిని నీళ్లు గాడిలో పడి ఈ రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. గాలిని ఆపాల్సింది మాత్రం లోపలివైపు రబ్బరు. దానికి మూలల్లో సందు పడితే గాలి లోపలికి దూసుకొస్తూ గాడిలో నీళ్లని కూడా లాక్కొస్తుంది, మీకు వినిపించే ఈల కూడా అక్కడిదే అయ్యుండొచ్చు. కాబట్టి సందు వేలెడే కదా అనుకోకండి, వానకి ఆ మాత్రం చాలు.

ఇక బూడిదరంగు రబ్బరు. గోరు దిగకుండా, వంచితే విరిగిందంటున్నారు కాబట్టి అది నూటికి తొంభై పాళ్లు మెత్తని పీవీసీ. పీవీసీ దానంతటది గట్టి ప్లాస్టిక్, మెత్తబడటానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. పడమటెండకి ఆ నూనె ఏడాదికి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, పోయిన మేరకు రబ్బరు కుంచించుకుంటుంది, గట్టిపడుతుంది. మిగతా కిటికీలు బాగుండి పడమటివే పాడయ్యాయంటే కారణం అదే.

ఇంకో కారణం కూడా ఉంది, మా పనివాళ్లది. చుట్ట విప్పుకుంటూ బొటనవేలితో నొక్కుకుంటూ పోతే తెలియకుండానే రబ్బరు సాగుతుంది. ఆ రోజు మూల దాకా నిండుగా కనిపిస్తుంది, వారం తిరిగేసరికి వెనక్కి లాక్కుంటుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఇలా ఎన్ని కిటికీలు బిగించానో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే మీటరుకి ఒక సెంటీమీటరు ఎక్కువ కోయాలి, ముందు రెండు కొసలు నొక్కాలి, తర్వాత నడిమధ్య, తర్వాత మిగిలిన సగాల మధ్య, అలా ఎక్కువగా ఉన్న ముక్క మొత్తం పొడవునా సర్దుకునేలా. చుట్ట తెచ్చిన వెంటనే బిగించకండి, ముందురోజే విప్పి నేల మీద వదులుగా పడేయండి.

సిలికాన్ గురించి అడిగారు. ఎండిపోయిన పీవీసీ మీద కొడితే అది పట్టుకునేది ఆ పాడైన రబ్బరుని, అద్దాన్ని కాదు. రబ్బరు ఇంకా కుంచించుకుంటే సిలికాన్ దాంతోపాటే ఊడొస్తుంది. పైగా కొట్టేవాళ్లు కింద వీప్ హోల్స్‌ని కూడా కలిపి మూసేస్తారు, ఇక నీళ్లకి మీ గది తప్ప దారి ఉండదు.

మేడమీద:

అంత అవసరమా అన్నా? మా ఇంట్లో కూడా ఇదే సమస్య, ట్రాన్స్‌పరెంట్ సిలికాన్ చుట్టూ కొట్టించేశాం, రెండేళ్లయింది, చుక్క రాలేదు. రబ్బరు మార్చడమంటే అద్దం తీయాలి, పగిలితే ఎవరిది బాధ్యత.

అద్దాలపని:

మేడమీద గారూ, మీది తెరుచుకోని అద్దమా? అలాంటిది అయితే, రబ్బరు తీసేసి, అద్దాన్నీ అల్యూమినియాన్నీ స్పిరిట్‌తో తుడిచి కొడితే పదేళ్లు కూడా ఉంటుంది, నేను కాదనను. నేను వద్దన్నది పాత రబ్బరు మీద కొట్టడాన్ని. అద్దం విషయంలో మీ భయం న్యాయమైనదే. లోపలివైపు గుచ్చే రబ్బరు, మేం వెడ్జ్ అంటాం, అది అద్దం కదలకుండానే మార్చొచ్చు, అయితే నాలుగు వైపులా ఒకేసారి పీకేయకూడదు, ఒక వైపు పీకి కొత్తది నొక్కి తర్వాత రెండో వైపు. బయటి రబ్బరు మార్చాలంటే మాత్రం బీడింగ్, అంటే అద్దాన్ని పట్టి ఉంచే పట్టీ, తీసి అద్దం దించాల్సిందే, అది ఇద్దరు మనుషుల పని, ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. దించినప్పుడు అద్దం కింద చిన్న గట్టి బిళ్లలు కనిపిస్తాయి, అద్దం బరువంతా వాటి మీదే ఉంటుంది. చెత్త అనుకుని పారేయకండి, ఎక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని అక్కడే పెట్టండి.

డై_దగ్గర:

నేను రబ్బరు ప్రొఫైల్స్, అంటే ఇలాంటి పొడుగు రబ్బరు పట్టీలు, తయారయ్యే చోట పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి ఏది అడగాలన్న ప్రశ్న నాకు వదిలేయండి. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

గ్యాస్కెట్, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ రబ్బరు పట్టీ, అనగానే అందరూ సందు పూడ్చే ముక్క అనుకుంటారు. పూడ్చడానికి మైనం పెట్టినా చాలు. గ్యాస్కెట్ చేసే పని స్ప్రింగు పని, నొక్కి పెట్టినంత కాలం తిరిగి నెడుతూ ఉండాలి. ఏడేళ్లు నొక్కి ఉంచాక కూడా నెట్టగలదా అన్నదే రబ్బరు మంచి చెడ్డ. దీన్ని కొలిచే పరీక్షకి కంప్రెషన్ సెట్ అని పేరు. ఉదాహరణకి 10 మిల్లీమీటర్ల ముక్కని 7.5 కి నొక్కి, 70 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచి, వదిలేసి అరగంట తర్వాత కొలుస్తారు. 9.5 కి లేచిందంటే, నొక్కిన రెండున్నరలో అర మిల్లీమీటరు శాశ్వతంగా పోయింది, అంటే సెట్ 20 శాతం. 7.5 దగ్గరే ఉండిపోతే 100 శాతం, అది రబ్బరు కాదు బంకమట్టి. మీ రెక్క చుట్టూ ఉన్న నల్ల రబ్బరు మెత్తగా ఉన్నా లేవడం లేదన్నారు చూడండి, అదే సెట్ తీసుకోవడం. మెత్తదనం చూసి బాగుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇప్పుడు రకాలు. ఈపీడీఎం అంటే ఇథిలీన్, ప్రొపిలీన్, కొంచెం డైయీన్ కలిపి చేసిన రబ్బరు, 1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చింది. మామూలు చెట్టు రబ్బరు అణువుల గొలుసులో డబుల్ బాండ్లు గొలుసు మధ్యలోనే ఉంటాయి, గాలిలో ఉండే ఓజోన్ వాటిని తెంపుతుంది, అందుకే లాగి ఉంచిన పాత రబ్బరు మీద అడ్డంగా పగుళ్లు వస్తాయి. ఈపీడీఎంలో ఆ బాండ్లు పక్క కొమ్మల్లో ఉంటాయి, కొమ్మ తెగినా గొలుసు తెగదు. దానికి తోడు కార్బన్ బ్లాక్ అనే మసిపొడి కలుపుతాం, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అది మింగేస్తుంది, మంచి గ్యాస్కెట్లు ఎక్కువగా నల్లగా ఉండటానికి ఇదీ ఒక కారణం. బలహీనత ఒక్కటే, నూనె. పెట్రోలు, గ్రీజు, వంటనూనె ఏది తగిలినా ఉబ్బుతుంది.

ఇది గొట్టంలోంచి బయటికొచ్చినప్పుడు పచ్చిగా ఉంటుంది, పేస్టులా. డై, అంటే ఆకారమిచ్చే అచ్చు, దాని రంధ్రం దాటగానే ఒత్తిడి పోయి కొంచెం ఉబ్బుతుంది, అందుకే డైని మనకి కావాల్సిన ఆకారంలో కాకుండా ఉబ్బాక ఆ ఆకారం వచ్చేలా కోస్తాం. నా ఉద్యోగంలో సగం ఆ ఫైలు పట్టుకుని గీకడమే. తర్వాత మైక్రోవేవ్, వేడిగాలి సొరంగాల్లోంచి 200 డిగ్రీలకి పైన నడిపిస్తే గంధకం పనిచేసి గొలుసులు ఒకదానికొకటి ముడిపడతాయి. అదే వల్కనైజేషన్, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిందే. ఒకసారి ముడిపడ్డాక ఎంత వేడి చేసినా కరగదు, మాడుతుంది అంతే.

టీపీఈ అలా కాదు. వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే మళ్లీ రబ్బరు. ఇందులోనే మెరుగైన రకం టీపీవీ, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ మధ్యలో ముడిపడ్డ ఈపీడీఎం రేణువులు ఉంటాయి. నీడలో, మామూలు వేడిలో ఇది ఈపీడీఎంకి పెద్దగా తీసిపోదు. కానీ ఎండలో నల్ల రబ్బరు 70 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు దానిలోని ప్లాస్టిక్ భాగం మెల్లగా లొంగిపోతుంది, సెట్ ఎక్కువ తీసుకుంటుంది. మీ పడమటి కిటికీకి నేనైతే ఈపీడీఎం అంటాను. సిలికాన్ రబ్బరు ఎండకీ వేడికీ అన్నిటికంటే మేలు, 200 డిగ్రీలు కూడా లెక్కచేయదు, కానీ అంచు తెగితే చీలిక పాకుతుంది, ఖరీదూ ఎక్కువే, ఇంటి కిటికీకి అంత అక్కర్లేదు.

ఇంట్లో పరీక్ష: చిన్న ముక్క కోసి, సూదిని ఎర్రగా కాల్చి గుచ్చండి. మెత్తగా కరిగి తీగలా సాగితే పీవీసీ గానీ టీపీఈ గానీ. కరగకుండా అంచు మాడి రబ్బరు కాలిన వాసన వస్తే ఈపీడీఎం కుటుంబం. కిటికీ తెరిచి చేయండి, ముక్కు దగ్గర పెట్టుకోకండి, పీవీసీ పొగలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి ఉంటుంది. రెండోది, బుడగలు లేని గట్టి ముక్కని నీళ్లలో వేయండి. తేలితే టీపీవీ లాంటిది అనుకోవచ్చు, మునిగితే మాత్రం ఏదని చెప్పలేం, ఎందుకంటే ఫిల్లర్ (నింపుడు పొడి) కలిపిన ఈపీడీఎం, పీవీసీ రెండూ మునుగుతాయి. కొనేటప్పుడు షోర్ ఏ (రబ్బరు గట్టిదనం కొలిచే స్కేలు) ఎంతో అడగండి. అద్దం పట్టే దానికి 60 నుంచి 70 మధ్య ఉంటే బాగుంటుంది, రెక్క చుట్టూ ఉండే, లోపల బోలుగా ఉన్న బుడగ రబ్బరు అంతకంటే చాలా మెత్తగా ఉండాలి, లేకపోతే కిటికీ వేయడానికి భుజం పెట్టి నెట్టాలి.

వెల్డింగ్_బల్ల:

డై_దగ్గర గారితో ఒక్క విషయంలో పేచీ. మేం యూపీవీసీ కిటికీలు చేస్తాం, ప్రొఫైల్‌తోపాటే గ్యాస్కెట్ కూడా బిగించి వస్తుంది, మూలలు వెల్డింగ్ చేసేటప్పుడు టీపీఈ గ్యాస్కెట్ కూడా కరిగి అతుక్కుపోతుంది. మూలలో సందన్నదే ఉండదు. ఈపీడీఎం అయితే ప్రతి మూలా కోసి జిగురు పెట్టాలి, ఆ జిగురు పెట్టే కుర్రాడు టీ తాగి వచ్చేలోపు ఎండిపోతే అంతే సంగతులు. కాగితం మీద సెట్ నంబరు ఎంత బాగున్నా నీళ్లొచ్చేది మూలలోంచే కదా. మేం పెట్టిన టీపీఈ కిటికీలు తొమ్మిదేళ్లయినా బాగున్నాయి, తెల్ల ఫ్రేములు కాబట్టి అంతగా వేడెక్కవు అనుకోండి.

డై_దగ్గర:

ఒప్పుకుంటా. వెల్డ్ అయిన టీపీఈ మూల, చేత్తో అతికిన ఈపీడీఎం మూల కంటే నమ్మకమైనదే. ఈపీడీఎంలో కూడా మూలలు అచ్చులో పోసి ముందే అతికి ఇస్తారు, కానీ కొలత ముందే చెప్పాలి, పాత కిటికీకి అది కుదరదు. ఇక్కడ ప్రశ్న అడిగినవారిది అల్యూమినియం, గాడిలో నొక్కే రబ్బరు, వెల్డింగ్ మాటే లేదు. 45 డిగ్రీల్లో పదునైన బ్లేడుతో కోసి, రబ్బరుకి పనికొచ్చే సైనోయాక్రిలేట్ (సూపర్ గ్లూ రకం) జిగురు ఒక్క చుక్క పెడితే చాలు. కత్తెరతో కోయకండి, బోలుగా ఉన్న ప్రొఫైల్ నలిగి అంచు వంకర పోతుంది.

ఉబ్బినరబ్బరు:

నూనె అన్నారు కదా, నా కథ వినండి. రెండేళ్ల కిందట తలుపు రబ్బరు కిర్రుకిర్రుమంటోందని చైన్‌కి వేసే గ్రీజు తెచ్చి నాలుగు వైపులా శుభ్రంగా పూశాను. వారం రోజులు వెన్నలా కదిలింది. నెల తిరిగేసరికి రబ్బరు లావెక్కి అలలు అలలుగా గాడిలోంచి బయటికొచ్చింది, తలుపు పడదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఒక్క మూల చప్పుడు పోగొట్టబోయి మొత్తం రబ్బరు మార్చుకున్నాను. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు సబ్బునీళ్లతో తుడిచి, పొడి గుడ్డ మీద సిలికాన్ స్ప్రే కొట్టి రాస్తున్నా, అంతే. థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వకండి.

ఇంకోటి, మా ఇంటి ముందువైపు పెద్ద అద్దానికి నల్ల రబ్బరు, దాని మీద తెల్ల సిలికాన్ కొట్టారు, ఏడాదిలో సిలికాన్ పసుపు గోధుమరంగులోకి తిరిగింది. ఎందుకో ఎవరికైనా తెలుసా?

డై_దగ్గర:

ఈపీడీఎంలో మెత్తదనానికి కలిపే నూనె, ఇంకా కొన్ని మందులు మెల్లగా సిలికాన్‌లోకి ఇంకుతాయి, అందుకే ఆ మరక. రంగు పోతే పోయింది, పట్టు కూడా తగ్గుతుంది. అందుకే సిలికాన్ అంటుకునే చోట సిలికాన్‌తో చేసిన గ్యాస్కెటే పెట్టమంటారు, లేదా దానికి సరిపడే రబ్బరని తయారీదారు రాతపూర్వకంగా చెప్పినదే పెట్టాలి. ఇలాంటిదే ఇంకో జంట ఉంది, మెత్తని పీవీసీ, పాలీకార్బొనేట్ షీటు. పీవీసీలోని ప్లాస్టిసైజర్ షీటులోకి ఎక్కి సన్నని పగుళ్లు తెస్తుంది. పాలీకార్బొనేట్ పైకప్పు వేసుకున్నవాళ్లు చవకని పీవీసీ రబ్బరు పెడితే షీటు నాణ్యతని తిట్టుకుంటూ కూర్చుంటారు, పాపం షీటుది తప్పు కాదు.

పడమటి_కిటికీ:

చాలా థ్యాంక్స్ అందరికీ. ఆదివారం మొత్తం దీనికే పెట్టాను. మగ్గు పరీక్ష చేశా, ఒక కిటికీలో నీళ్లు పోయాయి, రెండో దాంట్లో అలాగే నిలబడ్డాయి. బయటికి వంగి చూస్తే రెండు రంధ్రాలూ గోడ పెయింటుతో మూసుకుపోయి ఉన్నాయి, పుల్లతో పొడిస్తే ఏడేళ్ల బురద వచ్చింది. అంత సంతోషం ఈ మధ్య కాలంలో లేదు.

సూది పరీక్షలో బూడిదరంగుది సాగింది, పీవీసీయే. తెచ్చిన రెండు నల్ల నమూనాల్లో ఒకటి కరిగింది, ఒకటి మాడింది. ఈపీడీఎం అని ఒట్టేసి ఇచ్చింది కరిగినది!

ఇప్పుడు రెక్క చుట్టూ ఉండే రబ్బరు సంగతి. దాన్ని ఎంత లావుది తీసుకోవాలో అర్థం కావడం లేదు. పాతదాన్ని కొలుద్దామంటే అది అణిగిపోయి ఉంది.

అద్దాలపని:

పాతదాన్ని కొలవొద్దు, సందుని కొలవాలి. పిల్లలు ఆడుకునే మైనపు మట్టి చిన్న ఉండ చేసి, అంటుకోకుండా పల్చని ప్లాస్టిక్ కవరు చుట్టి, పాత రబ్బరు తీసిన చోట ఫ్రేమ్ మీద పెట్టి కిటికీ పూర్తిగా వేసి గడియ పెట్టి తీయండి. నొక్కుకుపోయిన ఉండ మందమే మీ సందు. ఒక్కచోట కాదు, నాలుగు వైపులా కనీసం ఎనిమిది చోట్ల చేయండి. బందుల వైపు తక్కువ, గడియ వైపు ఎక్కువ, గడియకి దూరంగా ఉన్న మూలల్లో ఇంకా ఎక్కువ రావడం మామూలే. బుడగ రబ్బరు ఎత్తులో మూడోవంతు దాకా నొక్కుకునేలా చూసుకోండి, అంటే సందు 6 మిల్లీమీటర్లు ఉంటే బుడగ 9 దాకా. అంతకంటే లావుది పెడితే నీళ్లు ఇంకా బాగా ఆగుతాయని అనుకుంటారు, జరిగేది వేరు, రబ్బరు నెట్టే బలానికి రెక్క మధ్యలో విల్లులా వంగి మూలల్లో మళ్లీ సందు పడుతుంది.

తేడా 2 మిల్లీమీటర్లు దాటితే రబ్బరు కొనకండి, ముందు బందులు సరిచేయించండి. గడియ రోలర్లు కొన్ని ఆలెన్ కీతో తిప్పితే దగ్గరికి లాగేలా ఉంటాయి, అర చుట్టు తిప్పినా చాలా తేడా వస్తుంది. ఎన్నోసార్లు కొత్త రబ్బరు తెచ్చిన ఇంట్లో ఆ రోలర్ తిప్పి రబ్బరు వెనక్కి ఇప్పించాను.

ఈ రబ్బరుని మూలల్లో ముక్కలుగా కోయక్కర్లేదు. అడుగుభాగంలో చిన్న గంటు పెట్టి పైపొర తెగకుండా మూల తిప్పండి. మొదలూ చివరా కలిసే చోటు పై అడ్డం మధ్యలో రావాలి, కింద వస్తే నీళ్లకి గుమ్మం తెరిచినట్టే.

జరిపే కిటికీల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఒక్క మాట. వాటికి రబ్బరు పెట్టకండి, రాపిడికి చిరిగిపోతుంది. వాటిది బ్రష్ లాంటి పట్టీ, మధ్యలో పల్చని ప్లాస్టిక్ రెక్క ఉన్నది తీసుకుంటే గాలి బాగా ఆగుతుంది. తెరిచే కిటికీ అంత బిగువు మాత్రం ఆశించొద్దు.

పునాది_దశ:

చర్చ బాగుంది కాబట్టి మధ్యలో దూరుతున్నా. మేం నేలమాళిగ గోడ పోయబోతున్నాం, రెండు పోతల మధ్య పెట్టే పీవీసీ పట్టీ తెచ్చారు. పైన అంతా పీవీసీ ఎండకి పాడవుతుందని చదివి భయం వేసింది. దాన్ని కాంక్రీటులో పెట్టొచ్చా? ఒకసారి పోశాక తీసి మార్చేది కాదు కదా.

సైట్_కబుర్లు:

పెట్టొచ్చు, వాటర్‌స్టాప్‌కి, అంటే జాయింటులో నీళ్లు ఆపే ఈ పట్టీకి, పీవీసీ వాడటం ఎప్పటి నుంచో ఉన్నదే. కాంక్రీటులో ఎండ లేదు, గాలాడదు, పెద్ద వేడి లేదు, కిటికీ రబ్బరు పాడయ్యే కారణాల్లో చాలావరకు అక్కడ లేవు. అయితే తిరిగి కరిగించిన పాత ప్లాస్టిక్‌తో చేసిందైతే వద్దు, వంచి చూడండి, మడత దగ్గర తెల్లబడితే అనుమానించండి. బయట ఎండలో నెలల తరబడి పడేయకండి.

పట్టీ కంటే పెట్టే తీరులోనే తప్పులు జరుగుతాయి. గోడ కదిలే జాయింటు అయితే మధ్యలో గొట్టం ఉన్న పట్టీ కావాలి, ఆ గొట్టం సరిగ్గా జాయింటు గీత మీద రావాలి, కాంక్రీటులో పూడిపోతే అది సాగలేదు. రెండు ముక్కలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి వేసి మేకు కొడతారు, అక్కడే నీళ్లొస్తాయి. వేడి పలకతో రెండు కొసలూ కరిగించి ఎదురెదురుగా అతకాలి, మూలలు, టీ ఆకారాలు తయారుగా దొరుకుతాయి, అవే తెప్పించండి. మేకు కొట్టాల్సి వస్తే పట్టీ మీద పొడుగునా లేచి ఉండే గట్లలో అంచున ఉన్న చివరిది దాటి లోపలికి రాకూడదు. తీగతో ఇనుముకి కట్టండి, లేకపోతే కాంక్రీటు పడగానే వాలిపోయి మడతపడుతుంది, దాని కింద గుల్ల ఏర్పడుతుంది. పోసే రోజు వైబ్రేటర్ పట్టుకున్నవాళ్ల పక్కన మీరే నిలబడండి.

నీళ్లు తగిలితే ఉబ్బే పట్టీలు కూడా ఉన్నాయి, వాటితో పని తేలిక, కానీ పోతకి ముందురోజు వాన పడిందంటే అవి అప్పుడే ఉబ్బేసి కూర్చుంటాయి, ఇక పనికిరావు. అంచుకి దగ్గరగా పెడితే ఉబ్బే బలానికి కాంక్రీటు పెచ్చులూడుతుంది.

రబ్బరు గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒక సరదా సంగతి. భవనాల అద్దాలకి రబ్బరు గ్యాస్కెట్ పెట్టడం కార్ల నుంచి వచ్చింది. మిషిగన్‌లో 1956లో ప్రారంభమైన జనరల్ మోటార్స్ టెక్నికల్ సెంటర్‌ని ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ డిజైన్ చేసినప్పుడు, కార్ల ముందు అద్దాన్ని పట్టుకునే నియోప్రీన్ రబ్బరు పద్ధతినే గోడలకి తెచ్చారు. అంతకుముందు లప్పమే గతి.

పునాది_దశ:

మడత పరీక్ష చేశా, తెల్లబడింది. రేపు పోత ఆపిస్తున్నా. చాలా థ్యాంక్స్ అండీ.

పడమటి_కిటికీ:

అప్‌డేట్. పెయింటుతో మూసుకున్న కిటికీకి రంధ్రాలు తెరిచాం, లోపలి వెడ్జ్ రబ్బరు మార్చాం. మైనం ఉండలు బందుల వైపు 5, గడియ వైపు 6 వచ్చాయి, రోలర్ కొంచెం తిప్పి 7.5 మిల్లీమీటర్ల బుడగ రబ్బరు పెట్టించాను. మాట ప్రకారం మీటరుకి సెంటీమీటరు ఎక్కువే కోశాం, పని ఆయన "ఇంత మిగులు ఎందుకండీ" అని నవ్వారు, కొసలు ముందు నొక్కి చూపిస్తే ఆయనే "ఇదేదో బాగుందే" అన్నారు. పైపుతో కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ పావుగంట నీళ్లు కొట్టాం, చుక్క లేదు.

మగ్గు పరీక్షలో నీళ్లు పోయిన కిటికీకి కూడా రబ్బర్లన్నీ ఇలాగే మార్చాం, అయినా కుడివైపు కింది మూలలో ఇంకా ఊరుతోంది. రబ్బరు దగ్గర పొడిగా ఉంది, తడి అంతా ఫ్రేమ్ మూల కిందే. ఏం చూడాలి?

అద్దాలపని:

పైపు కింద పెట్టినప్పుడే ఊరిందా, పైకి వెళ్లాకా?

పడమటి_కిటికీ:

కింద పెట్టిన రెండు నిమిషాలకే.

అద్దాలపని:

అయితే రబ్బరుని వదిలేయండి. అల్యూమినియం ఫ్రేమ్ రెండు ముక్కలు 45లో కలిసే చోట లోపల సీలెంట్ పెట్టాలి, కట్టినప్పుడు మర్చిపోయి ఉంటారు, లేదా ఊడిపోయి ఉంటుంది. గాడిలో నీళ్లు రంధ్రం దాకా వెళ్లకముందే ఆ మూల అతుకులోంచి గోడలోకి దిగుతున్నాయి. గాడి బాగా ఆరనిచ్చి, మూల లోపలివైపు శుభ్రంగా తుడిచి, వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ సన్నగా పెట్టి వేలితో అదమండి. రోజంతా కిటికీ ముట్టుకోవద్దు. మీ పని ఆయన తెచ్చిన గన్‌కి ఇప్పుడు పని దొరికింది, వీప్ హోల్ వైపు మాత్రం పోనివ్వకండి.